రగ్బీ కోసం అరెకరం అమ్ముతానంటున్నాడు నాయిన

కల్వకుర్తి వైపు పల్లె నుంచి 22 ఏళ్ల అబ్బాయి రాసిన ఉత్తరమిది. పేరూ ఊరూ బయటికి రావద్దన్నాడు కాబట్టి గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఉత్తరం పొడుగ్గా ఉంది, సారాంశం ఇస్తున్నాను.

అతని చిన్నతనమంతా అమ్మానాయినలు ముంబైలో కూలి చేశారు. నాయినది సెంట్రింగ్ పని, అమ్మ ఇటుకలు మోసేది. అక్కా తనూ ఊళ్లో నాయనమ్మ దగ్గర పెరిగి, తర్వాత గురుకులాల్లో చదువుకున్నారు. ఎనిమిదో తరగతిలో ఇతను కబడ్డీ ఆడే తీరు చూసి పీఈటీ సార్ రగ్బీ బంతి చేతికిచ్చాడు. "మొదటి రోజు బంతి ఎటు ఎగురుతదో తెల్వక అందరం నవ్వుకున్నం. నెల తిరిగేసరికి నాకు ఇంకో ఆట గుర్తు లేదు" అని రాశాడు. అండర్-17 నుంచి రాష్ట్ర జట్టుకు ఆడుతున్నాడు, ఏడుగురి ఆటలో వింగర్, అంటే మైదానం అంచు వెంట బంతితో పరుగెత్తేవాడు. బరువు 74 కిలోలు. ఒకసారి జాతీయ క్యాంపుకు పిలుపు వచ్చింది కానీ చివరి జాబితాలో పేరు రాలేదు. ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం.

2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు హైదరాబాద్ హీరోస్ మ్యాచ్‌లు ఫోన్‌లో చూసి, తనూ అక్కడ ఉండాల్సినవాడినే అనుకున్నాడు. ఆ తర్వాత ఒక టోర్నమెంటులో ఒకాయన పరిచయమయ్యాడు. ఇంగ్లండ్‌లో క్లబ్ కాంట్రాక్టు ఇప్పిస్తానన్నాడు, పదిహేను మంది ఆటలో. ఖర్చు ఐదున్నర లక్షలు, సగం ముందే కట్టాలి. మొదట విజిట్ వీసా మీద వెళ్లాలి, అక్కడికి పోయాక మారుస్తారట. పాస్‌పోర్టు, ఆధార్, ఫొటోలు తీసుకున్నాడు.

ఇంట్లో ఈ సంగతి చెప్పిన రాత్రి నాయిన ఏమీ అనలేదు. తెల్లారి ఇనప్పెట్టె తెరిచి, పాలిథిన్ కవరులో చుట్టిపెట్టిన పట్టాదారు పాసుబుక్కు తీసి మంచం మీద పెట్టాడు. "రోడ్డు దిక్కు అరెకరం తీసేద్దాం" అన్నాడు. ఉన్నదే రెండెకరాల పత్తి చేను. అందులో రోడ్డు వైపు ఎకరం ముంబై డబ్బుతో కొన్నది. ఆ రోజు నుంచి అమ్మ ఇతనితో మాట్లాడటం లేదు, అన్నం పెట్టేసి లోపలికి వెళ్లిపోతోంది. షాద్‌నగర్‌లో ఉండే బావ మాత్రం ఫోన్ చేసి దులిపేశాడు. "కానిస్టేబుల్ కోచింగ్‌కు పో, ఫీజు నేను కడ్త. ఆ కోడిగుడ్డు బంతి పట్టుకొని ఇంకెన్నేండ్లు ఉరుకుతవ్?"

అతను అడిగినవి మూడు ప్రశ్నలు. ఏజెంటుకు డబ్బు కట్టాలా? రగ్బీని నమ్ముకుని బతకొచ్చా? బరువు పెరగడానికి జిమ్‌లో ఒకతను ఇస్తున్న పౌడర్ వాడొచ్చా?

అంతా అయిపోయి సంతకం చేశాక, దాని కింద ఇలా ఉంది: "రెండు నెలల కింద మ్యాచ్‌లో ట్యాకిల్ చేస్తుంటే అవతలివాడి మోకాలు కణతకు తగిలింది. కొద్దిసేపు ఏమైందో గుర్తు లేదు. లేచి ఆడిన. ఇప్పటికీ ఎండలో నిలబడితే తలనొప్పి వస్తుంది, చదువుతుంటే లైన్ తప్పుతున్న. ఎవరికీ చెప్పలేదు అక్కా, వచ్చే నెల సెలక్షన్స్ ఉన్నయి."

తమ్ముడూ,

నీ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్తాను. కానీ సంతకం కింద రాసిన సంగతి ముందు తేలాలి. అది తేలేదాకా మిగతావాటికి నేనేం చెప్పినా ఉపయోగం లేదు.

నేను డాక్టర్‌ను కాను. అయినా నువ్వు రాసినది చదివితే కంకషన్ అని, అంటే దెబ్బకు మెదడు అదిరిందని, అనుమానించడానికి డాక్టర్ కానక్కర్లేదు. దెబ్బ తగిలాక కాసేపు జ్ఞాపకం లేకపోవడం, వెలుతురులో తలనొప్పి, చదువు మీద నిలకడ తప్పడం, ఇవన్నీ దాని లక్షణాలే. ఈ విషయంలో మీ ఆటకు స్పష్టమైన నియమం ఉంది. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, ఆటగాడు వెంటనే బయటికి రావాలి, ఆ రోజుకు మళ్లీ మైదానంలోకి దిగకూడదు. పెద్ద జట్లకైతే డాక్టర్లు వెంటే ఉండి చూసుకుంటారు. నీలాంటి ఆటగాళ్లకు ప్రపంచ రగ్బీ సంస్థ చెప్పే గడువు కనీసం 21 రోజులు. అది కూడా లక్షణాలన్నీ పోయి, మెట్టుమెట్టుగా ప్రాక్టీస్ పెంచుకుంటూ వచ్చినవాళ్లకు. నీకు రెండు నెలలైనా తలనొప్పి తగ్గలేదు. మొదటి దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగిలితే జరిగే నష్టం మొదటిదానికంటే చాలా పెద్దది కావచ్చు, అరుదుగానైనా ప్రాణం మీదికి రావచ్చు.

2003లో ఇంగ్లండ్ ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో హుకర్‌గా (ముందు వరసలో మధ్యవాడిగా) ఆడిన స్టీవ్ థాంప్సన్ పేరు విని ఉంటావు. తనకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి పోయే జబ్బు, వచ్చిందని 2020లో ఆయనే బయటపెట్టాడు. అప్పటికి వయసు 42. ఆ ఫైనల్ గెలిచిన సంగతే తనకు గుర్తు లేదన్నాడు. నిన్ను భయపెట్టి ఆట మాన్పించాలని ఇది చెప్పడం లేదు. తలదెబ్బ సంగతి దాచి ఆడటం మగతనమని మీ గ్రౌండులో ఎవరైనా అంటే నమ్మొద్దని చెప్తున్నా.

కాబట్టి ఈ వారంలోనే మహబూబ్‌నగర్ జనరల్ ఆసుపత్రికో హైదరాబాద్ నిమ్స్‌కో వెళ్లి న్యూరాలజీ ఓపీలో చూపించుకో. స్కానింగ్ నార్మల్ అని వస్తే ఏమీ లేదనుకుని తిరిగి రావద్దు, కంకషన్ చాలాసార్లు స్కానింగ్‌లో కనబడదు. డాక్టర్‌కు లక్షణాలన్నీ చెప్పు, దెబ్బ తగిలాక లేచి ఆడిన సంగతి కూడా. కోచ్‌కు కూడా చెప్పాలి. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు, నీకూ తెలుసు. వచ్చే నెల సెలక్షన్ పోతుంది. అది చిన్న నష్టమని నేను అనను. కానీ లైన్ తప్పుతున్న కళ్లతో, నొప్పి పెడుతున్న తలతో వెళ్తే ఆ సెలక్షన్‌లో నీ అసలు ఆట ఎలాగూ బయటికి రాదు. వింగర్‌కు కావలసింది ఒక్క క్షణంలో తీసుకునే నిర్ణయం. ఇప్పుడు నీలో దెబ్బతిన్నది సరిగ్గా అదే.

ఇక ఏజెంటు విషయం.

నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం కలిగించింది ఐదున్నర లక్షలు కాదు, విజిట్ వీసా కూడా కాదు. ఆయన నీ ఆట వీడియో ఒక్కటి కూడా అడగలేదు. పాస్‌పోర్టు అడిగాడు, ఆధార్ అడిగాడు, ఫొటోలు అడిగాడు. నీ వేగం ఎంతో, ట్యాకిల్ ఎలా చేస్తావో, ఎడమ చేత్తో పాస్ ఇవ్వగలవో లేదో అడగలేదు. ఆటగాడిని కొనే క్లబ్ ఏదైనా ముందు అడిగేది అదే కదా. పైగా ఇప్పిస్తానంటున్నది పదిహేను మంది ఆటలో. నువ్వు రాసినదాన్ని బట్టి నీ ఆటంతా ఏడుగురిది, ఏడేసి నిమిషాల రెండు సగాలు. అక్కడ ఆడాల్సింది 80 నిమిషాలు. ఆ స్థాయిలో వింగర్లే చాలామంది 90 కిలోలు దాటి ఉంటారు. పరుగు ఒక్కటే చాలదు, రక్‌లో (కిందపడ్డ బంతి కోసం జరిగే తోపులాటలో), గాల్లోకి లేచే బంతుల కింద, పెద్ద శరీరాల మధ్య గంటకు పైగా నిలబడాలి. నేర్చుకోలేవని అనడం లేదు. నిన్ను చూడకుండానే నేర్చేసుకున్నావని ఎవరో చెప్తే నమ్మొద్దంటున్నాను.

ప్రొఫెషనల్ ఆటలో డబ్బు క్లబ్ నుంచి ఆటగాడికి వస్తుంది. ఏజెంటుకు కమీషన్ ఉంటుంది, అది కుదిరిన కాంట్రాక్టు విలువలోంచి పోతుంది. ఆటగాడే ముందు కట్టి కొనుక్కునే కాంట్రాక్టును కాంట్రాక్టు అనరు. వీసా మాటకొస్తే, బ్రిటన్‌లో జీతం తీసుకుని ఆడటానికి క్రీడాకారుల వీసా వేరేగా ఉంది. దానికి ఆ ఆట పాలక సంస్థ ఆమోదం కావాలి, స్పాన్సర్ చేసే క్లబ్ ఉండాలి. విజిట్ వీసా మీద జీతానికి ఆడటం చట్టవిరుద్ధం. పట్టుబడితే తిప్పి పంపుతారు, ఆ మచ్చ పాస్‌పోర్టు మీద ఏళ్ల తరబడి ఉంటుంది. ఇంకోటి, ఒక దేశం ఆటగాడు మరో దేశం క్లబ్‌కు ఆడాలంటే తన దేశపు రగ్బీ సంఘం నుంచి క్లియరెన్స్ ఉండాలి. నీ విషయంలో అది రగ్బీ ఇండియా ఇవ్వాలి. ఆయన ఆ మాట ఎత్తాడా?

అంతా మోసమని ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేను. నువ్వే తేల్చుకోవచ్చు, అదీ పైసా ఖర్చు లేకుండా. క్లబ్ పేరు, ఏ డివిజన్‌లో ఆడుతుంది, ఎవరు సంతకం పెడతారు అని అడుగు. పేరు చెప్తే ఆయన ఇచ్చిన నంబరుకు కాకుండా ఆ క్లబ్ అధికారిక చిరునామాకు నువ్వే మెయిల్ రాయి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లందరూ ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు వెతికితే దొరకాలి. అలాంటి ఏజెంటు కూడా సర్వీసు ఛార్జీగా చట్టప్రకారం తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. ఐదున్నర లక్షలు ఎక్కడ, ముప్పై వేలు ఎక్కడ! ఈ ప్రశ్నలు అడిగాక ఆయన "నమ్మకం లేకపోతే వదిలెయ్, వెనక లైన్‌లో ఇంకా పదిమంది ఉన్నరు" అంటే నీకు సమాధానం దొరికినట్టే. పాస్‌పోర్టు అసలు ఆయన దగ్గరే ఉంటే ముందు అది వెనక్కి తెచ్చుకో.

ఇప్పుడు అసలు ప్రశ్న. రగ్బీని నమ్ముకుని బతకొచ్చా?

రగ్బీ యూనియన్ అని పిలిచే మీ ఆటలో జీతాలు తీసుకుని ఆడటం అధికారికంగా మొదలైందే 1995 ఆగస్టులో. అంతకుముందు దేశానికి ఆడినవాళ్లు కూడా పగలు ఇంకో పని చేసుకున్నవాళ్లే. టీచర్లు, పోలీసులు, రైతులు, గని కార్మికులు. డెబ్బైలలో వేల్స్‌కు ఆడిన జేపీఆర్ విలియమ్స్ ఎముకల డాక్టర్. ప్రొఫెషనల్ అయ్యాక ఇంగ్లండ్, ఫ్రాన్స్, జపాన్ లీగుల్లో మంచి జీతాలొచ్చాయి, నిజమే. కానీ ఆ నేల కూడా గట్టిది కాదు. 1867లో పుట్టి, యూరప్ చాంపియన్‌గా రెండుసార్లు నిలిచిన వాస్ప్స్ క్లబ్ 2022లో దివాలా తీసింది. అదే ఏడాది వూస్టర్, మరుసటి ఏడాది లండన్ ఐరిష్. కాంట్రాక్టు చేతిలో ఉన్న అంతర్జాతీయ ఆటగాళ్లు కూడా రాత్రికి రాత్రి ఉద్యోగం లేకుండా నిలబడ్డారు. మీ ఏజెంటు చూపించే ఇంగ్లండ్ ఇది. అక్కడ పై లీగు దాటి కిందికి వస్తే చాలా క్లబ్బుల్లో ఆటగాళ్లు పగలు వేరే ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వస్తారు.

మన దేశంలో లెక్క ఇంకా చిన్నది. నువ్వు చూసిన లీగులో ఆరు జట్లు, జట్టుకు ఐదుగురు భారతీయులు. అంటే దేశం మొత్తానికి ముప్పై చోట్లు. ఒడిశా, బిహార్, బెంగాల్, మహారాష్ట్ర, కేరళ, ఢిల్లీ పిల్లలంతా ఆ ముప్పై కోసమే పోటీ. మొదటి సీజన్ మొత్తం రెండు వారాల్లో ముగిసింది. ఎంత ఇచ్చినా అది రెండు వారాల పని. ఆ లీగును తక్కువ చేయడం లేదు. టీవీలో రగ్బీ రావడం, హైదరాబాద్ పేరుతో జట్టు ఉండటం, నీ వయసువాళ్లకు ఒక మెట్టు కనబడటం పెద్ద మార్పు. దాన్ని లక్ష్యంగా పెట్టుకో. దాని మీద ఇల్లు నడుస్తుందని మాత్రం లెక్క వేసుకోవద్దు.

ఇవాళ మన దేశంలో రగ్బీ ఆడి నిలదొక్కుకున్నవాళ్లలో ఎక్కువమందిని గమనిస్తే, ఆటతో ఉద్యోగం సంపాదించి, ఆ ఉద్యోగంతో ఆట నిలబెట్టుకున్నవాళ్లే కనబడతారు. సైన్యంలో ఉన్నవాళ్లు, ప్రభుత్వ శాఖల్లో ఉన్నవాళ్లు, పీఈటీలు, కోచ్‌లు. బిహార్ ప్రభుత్వం పతకం తెస్తే ఉద్యోగం అన్న పథకం పెట్టాక అక్కడి రగ్బీ అమ్మాయిలు, అబ్బాయిలు ఎలా ముందుకొచ్చారో నువ్వు నాకంటే దగ్గరగా చూసి ఉంటావు. జపాన్‌లో కూడా పెద్ద కంపెనీల జట్లలో ఆ కంపెనీ ఉద్యోగులుగా పనిచేస్తూ ఆడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అదేమీ రెండో రకం జీవితం కాదు.

అందుకని నీ ముందు రెండు దారులే ఉన్నట్టు, రగ్బీయా కానిస్టేబులా అన్నట్టు బావ పెట్టిన పోటీని నేను ఒప్పుకోను. కొంచెం విడదీసి చూద్దాం.

కానిస్టేబుల్ పరీక్షకు నీ శరీరం ఇప్పటికే తయారై ఉంది. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు ఏడు నిమిషాల పదిహేను సెకన్లలో పరుగెత్తాలి, నాలుగు మీటర్లు లాంగ్ జంప్ చేయాలి, షాట్‌పుట్ ఆరు మీటర్లు వేయాలి. కోచింగ్ సెంటర్లలో చాలామంది నెలల తరబడి చచ్చీచెడీ చేసే పని ఇది. నీకు వారంలో ఒక సాయంత్రం పని, తల బాగయ్యాక. నీకు కష్టమయ్యేది రాత పరీక్ష. అరిథ్‌మెటిక్, రీజనింగ్, తెలంగాణ చరిత్ర. దానికి నీ దగ్గర ఇంకా సమయం ఉంది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి దాని కోసం ఆట ఆపేసి గదిలో కూర్చోనక్కర్లేదు, రోజుకు మూడు గంటలు చదివితే చాలు. ఉద్యోగం వస్తే తొమ్మిది నెలల ట్రైనింగ్, ఆ తర్వాత డ్యూటీలు. ఆ కాలంలో రగ్బీ బాగా తగ్గుతుంది, అది నిజం, ముందే తెలుసుకుని వెళ్లు. ఇంటికి మాత్రం నెలనెలా జీతం వస్తుంది.

క్రీడా కోటా సంగతి వేరు. తెలంగాణ ఉద్యోగాల్లో క్రీడాకారులకు రెండు శాతం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2020లో తన జాబితాను 43 ఆటల నుంచి 63కు పెంచినప్పుడు రగ్బీ అందులో చేరింది. కానీ ఒక్కో శాఖ ఒక్కో నోటిఫికేషన్‌లో తనకు కావలసిన ఆటలే వేస్తుంది, కాబట్టి ప్రతిదీ చదవాలి. ఇక్కడ మన పిల్లలు దెబ్బతినేది ఆటలో కాదు, కాగితంలో. పార్టిసిపేషన్ సర్టిఫికెట్ల కట్ట ఫైలులో పెట్టుకుని సరిపోతుందనుకుంటారు. కేంద్ర ఉద్యోగాలకు నిర్ణీత ఫారాలు ఉన్నాయి: అంతర్జాతీయ పోటీలకు ఫారం 1, అంతర్రాష్ట్ర జాతీయ పోటీలకు ఫారం 2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం 3, జాతీయ పాఠశాల పోటీలకు ఫారం 4. ఫారం 2 మీద జాతీయ సమాఖ్య లేదా రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం ఉండాలి. నువ్వు ఆడిన జాతీయ పోటీలన్నిటికీ ఆ ఫారాలు ఇప్పుడే, ఆఫీసులో మనుషులు మారకముందే, వెంటపడి సంపాదించు. ఏ సంవత్సరం, ఎక్కడ, జట్టు ఎన్నో స్థానం అని ఒక నోటుబుక్కులో రాసుకుని వెళ్లు. ఈ నెలలో నువ్వు చేయగల అన్ని పనుల్లోకి దీనికే విలువ ఎక్కువ. డిగ్రీ అయిపోతోంది కాబట్టి యూనివర్సిటీ తరఫున ఆడే చివరి అవకాశం ఏదైనా ఉందేమో పీడీ సార్‌ను అడుగు, పీజీలో చేరితే అదీ కొనసాగుతుంది.

మూడో దారి మీ పీఈటీ సార్ దారి. పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీపీఈడీ, వ్యాయామ టీచర్ల కోర్సు. శారీరక పరీక్షలు నీకు సమస్య కాదు, ఆట నైపుణ్యానికి నీ పాత కబడ్డీ ఉండనే ఉంది. దానికి తోడు రగ్బీ కోచింగ్ లెవెల్ 1, రెఫరీ కోర్సు చేసి పెట్టుకో. రెఫరీ అనగానే మొహం చిట్లించకు, ఆడగలిగే వయసు దాటాక కూడా మైదానంలో ఉండనిచ్చేది అదే. పాలమూరు వైపు గురుకులాల్లో రగ్బీ నేర్పగలిగేవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకే తెలుసు. నష్టమేమిటంటే డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ లోపు ప్రైవేటు స్కూళ్లలో పీఈటీ జీతం చాలా తక్కువ, పైగా పరేడ్లు, ఫీజుల వసూళ్లు కూడా నెత్తిన వేస్తారు.

ఇవేవీ వద్దు, ఓ రెండేళ్లు పూర్తిగా రగ్బీకే ఇస్తాను అనుకుంటే అది కూడా పిచ్చి ఆలోచన కాదు. 22 ఏళ్లకు ఆడకపోతే ఎప్పుడు ఆడతావు? కానీ దానికి షరతులు పెట్టుకో. హైదరాబాద్‌లో జిమ్‌లోనో స్కూల్లోనో కోచ్‌గా పని చూసుకుని సొంత ఖర్చు నువ్వే భరించు. జాతీయ క్యాంపుకు మళ్లీ పిలుపు, లేదా లీగులో చోటు, ఈ రెండింటిలో ఒకటి 24 నిండేలోపు రావాలని తేదీ రాసుకో. రాకపోతే ఏం చేస్తావో కూడా ఇప్పుడే రాసుకో, ఎందుకంటే ఆ రోజు రాసుకోబుద్ధి కాదు. ఈ దారిలో వెళ్తే ఉద్యోగ పరీక్షల్లో రెండేళ్లు వెనకబడతావు, వయసు పరిమితులు దగ్గరపడతాయి. అది తెలిసి వెళ్తే తప్పులేదు. చేను మీద మాత్రం చెయ్యి పడకూడదు.

చేను అంటే గుర్తొచ్చింది. అమ్మ ఎందుకు మాట్లాడటం లేదో నీకు అర్థం కాలేదని రాశావు. అమ్ముతానన్న అరెకరం ముంబై డబ్బుతో కొన్న ఎకరంలోదని రాసిందీ నువ్వే. అది ఆమె మోసిన ఇటుకలు, తమ్ముడూ. నువ్వు నాయనమ్మ దగ్గర పెరిగిన ఆ ఏళ్లకు ఆమె దగ్గర మిగిలింది ఆ ఎకరమే. ఆమెకు రగ్బీ మీద కోపం ఉందో లేదో నాకు తెలియదు. నీకూ తెలియదు, అడగలేదు కాబట్టి. అడుగు. నాయిన ఇంట్లో లేనప్పుడు, చేనుకాడ, పత్తి ఏరుతూ అడుగు.

నాయిన సంగతి ఇంకాస్త సున్నితం. నీకు పలక బలపం పట్టించాల్సిన వయసులో ఆయన ఊళ్లో లేడు. ఇన్నేళ్లకు కొడుకు నోరు తెరిచి ఒకటి అడిగితే కాదనలేకపోయాడు. నువ్వు దాన్ని ఆయన అంగీకారం అనుకుంటున్నావు. ఆయనకు ఇంగ్లండ్ గురించీ, ఆ ఏజెంటు గురించీ తెలిసింది నువ్వు చెప్పినంతే. కాబట్టి వద్దనే బాధ్యత నీదే, ఆయన అనలేడు. "ఆ మనిషి సరైనోడు కాదని తేలింది నాయినా, పాసుబుక్కు లోపల పెట్టు" అని నువ్వు చెప్తే ఆయనకు చిన్నతనం ఉండదు. ఇప్పుడు నీకు ఆయన చేయగల సాయం వేరే ఉంది. ఆసుపత్రికి ఆయన్ను వెంట తీసుకెళ్లు. దెబ్బ సంగతి డాక్టర్ ముందు కాకుండా ముందురోజే ఇంట్లో చెప్పు.

ఒకవేళ ఏజెంటు కాగితాలన్నీ నిజమే అని తేలితే? క్లబ్ జవాబిచ్చి, సరైన వీసా వచ్చి, రగ్బీ ఇండియా సరేనంటే? అప్పుడు కూడా భూమి అమ్మాల్సిన పని ఉండదు, నిజంగా నిన్ను కోరుకున్న క్లబ్ టికెట్ డబ్బుల కోసం మీ నాయిన చేను వైపు చూడదు. మీ ప్రాంతంలో శ్రీశైలం రోడ్డు పొడవునా ప్లాట్లు కోసి పెట్టారు. ఇవాళ అమ్మిన అరెకరాన్ని రేపు నీ జీతంతో కొనగలవా అని ఒక్కసారి ధర కనుక్కో.

బావ మాట మొరటుగా ఉంది. కానీ మీ ఇంట్లో సొంత జేబులోంచి సాయం చేస్తానన్నది ఆయనొక్కడే, అది మర్చిపోకు. అక్క ఇంటి సొమ్ము తీసుకోవడం నీకు ఇబ్బందిగా ఉంటే స్టడీ సర్కిళ్లలో పోలీసు పరీక్షలకు ఉచిత కోచింగ్ ఇస్తుంటారు, ముందు అక్కడ కనుక్కో. తీసుకుంటే అప్పుగా తీసుకో, అక్కకు తెలిసేలా తీసుకో. వీలైతే ఒకసారి బావను మ్యాచ్‌కు తీసుకెళ్లు. కబడ్డీ తెలిసిన మనిషి ఎవరైనా ఒక్క ట్యాకిల్ చూస్తే కోడిగుడ్డు మాట మళ్లీ ఎత్తడు.

మిగిలింది పౌడర్. లేబుల్ సరిగా లేని డబ్బాలోంచి జిమ్ అతను గరిటెతో తీసి ఇచ్చేది ఏదీ నోట్లో వేసుకోకు. జాతీయ పోటీల్లో నాడా వాళ్లు, అంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, నిషేధిత మందులు వాడారా అని డోపింగ్ పరీక్షలు చేస్తారు. శాంపిల్‌లో స్టెరాయిడ్ దొరికితే నాలుగేళ్ల దాకా నిషేధం పడుతుంది. "నాకు తెలియదు సార్, జిమ్‌లో ఇచ్చారు" అంటే చెల్లదు, ఒంట్లో ఉన్నదానికి ఆటగాడిదే బాధ్యత. క్రీడా కోటా ఆశలు కూడా దాంతోనే పోతాయి. ఏడుగురి ఆటకు 74 కిలోల వింగర్ తక్కువేమీ కాదు. బరువు పెంచాలనుకుంటే గుడ్లు, పల్లీలు, పప్పు, పాలు, జొన్న రొట్టె పెంచు, మెల్లగా పెరుగుతుంది. అదీ డాక్టర్ సరేనన్నాకే, ఎందుకంటే తలనొప్పి ఉండగా బరువులు ఎత్తకూడదు. ఇప్పటికే డబ్బా కొని ఉంటే వాపసు ఇచ్చెయ్. డబ్బు తిరిగివ్వనంటే వదిలెయ్.